ఏ వైపు నుంచి చూసినా వస్తువును ఎలా గుర్తుపడతాం? స్ట్రోక్ తర్వాత కొందరికి అది ఎందుకు తప్పుతుంది?

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది: తెలిసిన వస్తువు పక్కనుంచి కనిపించినా, పైనుంచి కనిపించినా, బోర్లా పడి ఉన్నా ఠక్కున పోల్చుకుంటాం కదా, మెదడులో దాని 3డి బొమ్మ ఉంటుందా, లేక రకరకాల ఫోటోలు దాచుకుంటుందా? రెండోది: స్ట్రోక్ నుంచి కోలుకుంటున్న మీ నాన్నగారు ఎదురుగా పెడితే చెంబును చెంబు అనే అంటున్నారు, అదే సింకులో పైనుంచి కనిపిస్తే మాత్రం అదేమిటని అడుగుతున్నారు. కళ్ల డాక్టరేమో కళ్లు బాగానే ఉన్నాయన్నారు. మరెందుకిలా?

నేను హైదరాబాద్‌లో న్యూరాలజీ పేషెంట్లకు చూపు, జ్ఞాపకం, శ్రద్ధకు సంబంధించిన పరీక్షలు చేసే సైకాలజిస్టుని. ముందు సూటి జవాబు చెప్పేస్తాను.

పూర్తి 3డి బొమ్మా లేదు, లెక్కలేనన్ని ఫోటోలూ లేవు. మెదడు దగ్గర ఒక్కో వస్తువుకు తరచుగా చూసిన కొన్ని వాటాలు ఉంటాయి. వాటి మధ్యలో ఉండే కోణాలను అది తనే పూరించుకుంటుంది. దీనికితోడు కోణం మారినా పెద్దగా మారని కొన్ని ఆనవాళ్లను (పిడి, మూతి, కాళ్లు, అంచుల తీరు) పట్టుకుంటుంది. మామూలుగా ఈ రెండూ చాలు. రెండూ చాలనప్పుడు ఇంకాస్త కష్టపడాలి. ఆ కష్టపడే పనికి మెదడు కుడివైపు వెనక భాగం ముఖ్యం. స్ట్రోక్ అక్కడ దెబ్బ తీస్తే మామూలు వాటంలో ఉన్న వస్తువు తెలుస్తుంది, వింత వాటంలో ఉన్నది తెలియదు. మీ నాన్నగారి విషయంలో ఇది ఒక కారణం కావచ్చు. ఒకే కారణం అనను, ఎందుకో కింద చెబుతాను.

అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఒక స్టీలు గ్లాసు తీసుకోండి. పక్కనుంచి చూస్తే కింద కాస్త సన్నగా ఉన్న నిలువు ఆకారం. నిట్టనిలువుగా పైనుంచి చూస్తే వలయంలో వలయం. కంటి వెనక తెర మీద పడే ఈ రెండు బొమ్మల్లో దాదాపు ఏదీ కలవదు. ఇంకా తమాషా ఏమిటంటే, పైనుంచి చూసిన గ్లాసు బొమ్మ పక్కనుంచి చూసిన గ్లాసు కంటే పైనుంచి చూసిన ప్లేటుకే ఎక్కువ దగ్గర. అంటే కంటికి అందిన బొమ్మల పోలికను బట్టి లెక్కేస్తే గ్లాసూ ప్లేటూ ఒక జట్టు అవ్వాలి. మనం అలా పొరపాటు పడం. ఎందుకు పడమన్నదే ఈ రంగంలో 50 ఏళ్లుగా నడుస్తున్న చర్చ.

"ఏ వైపు నుంచి చూసినా ఒకేలా గుర్తుపడతాం" అని మనకు అనిపిస్తుంది గానీ, టైమ్ కొలిచి చూస్తే అది నిజం కాదు. 1981లో స్టీఫెన్ పామర్, ఎలినార్ రోష్, పాల్ చేజ్ మామూలు వస్తువులను రకరకాల కోణాల్లో ఫోటోలు తీసి జనానికి చూపించారు. ఒక గుర్రాన్నే 12 రకాలుగా. ఏ ఫోటో ఆ వస్తువును బాగా చూపిస్తోందో మార్కులు వేయమన్నారు, విడిగా పేరు చెప్పడానికి పట్టే సమయాన్నీ కొలిచారు. ఎక్కువ మార్కులు వచ్చిన ఫోటోలకే పేరు కూడా త్వరగా వచ్చింది. చాలా వస్తువులకు ఆ మంచి వాటం కొంచెం పక్కకు, కొంచెం పైనుంచి చూసినట్లుండేది. మీ ఇంట్లో ఎవరినైనా కప్పు బొమ్మ గీయమనండి. పిడి పక్కకు పెట్టి, మూతిని కోడిగుడ్డు ఆకారంలో గీస్తారు. నేరుగా పైనుంచి ఎవరూ గీయరు.

మా పనిలో వాడే విదేశీ ఫోటో కార్డుల్లో మన పెద్దవాళ్లు ఎన్నడూ చేత్తో పట్టని సామాన్లు కొన్ని ఉంటాయి. ఏనాడూ చూడని వస్తువును పోల్చుకోలేదని మార్కులు తీసేయడం అన్యాయం కదా! అందుకని వాటితోపాటు మన వంటింటి సామాన్లతో ఒక సెట్టు తయారు చేసుకున్నాను: మరచెంబు, అట్లకాడ, కవ్వం, చేట, పట్టకారు, ఇడ్లీ రేకులు. ఒక్కోదానికీ ఒక మామూలు వాటం, ఒక వింత వాటం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా వింత వాటం దగ్గర తడబడతారు. అట్లకాడను అంచు మీదుగా తీస్తే ఒట్టి గీత. పైనుంచి తీసిన చెంబును చాలామంది ముందు ప్లేటనే అంటారు, ఆ తర్వాత మెడ దగ్గర నీడ చూసి దిద్దుకుంటారు. ఆ దిద్దుకోగలగడమే నేను చూసేది.

ఇక సిద్ధాంతాల సంగతి. 3డి బొమ్మ ఉంటుందన్న ఆలోచనకు గట్టి రూపం ఇచ్చింది చూపు మీద పరిశోధన చేసిన డేవిడ్ మార్. నిషిహారాతో కలిసి 1978లో ఆయన చెప్పింది ఇది: మెదడు వస్తువుకు ఒక ఇరుసు వెతుక్కుంటుంది, ఆ ఇరుసు చుట్టూ భాగాలను అమర్చి, చూసేవాడి స్థానంతో సంబంధం లేని వర్ణన తయారు చేసుకుంటుంది. వినడానికి చాలా శుభ్రంగా ఉంటుంది. 1987లో ఇర్వింగ్ బీడర్మన్ దీన్ని ఇంకో దారిలో నడిపాడు. సిలిండరు, ఇటుక, శంకువు లాంటి 36 ప్రాథమిక ఆకారాలు చాలు, వాటి కూర్పుతో వస్తువులన్నిటినీ చెప్పొచ్చన్నాడు. వాటికి జియాన్లు అని పేరు పెట్టాడు. ఒక సిలిండరు, ఒక వంపు పిడి: పిడి పక్కన ఉంటే కప్పు, పైన ఉంటే బకెట్. ఈ ఆలోచనలో అసలు బలం ఆకారాల జాబితాలో లేదు, కోణం మారినా నిలిచే లక్షణాల్లో ఉంది. తిన్నని అంచు ఎటునుంచి చూసినా దాదాపుగా తిన్నగానే కనిపిస్తుంది, వంపు వంపుగానే ఉంటుంది. మూడు అంచులు కలిసే మూల అలాగే కలిసి కనిపిస్తుంది. పెన్సిలు మొనను నేరుగా కంటికి ఎదురుగా పెట్టుకున్నప్పటిలాంటి అరుదైన సందర్భాల్లోనే ఇది దెబ్బతింటుంది. ఆ అరుదైన సందర్భాలే మా "వింత వాటాలు".

అయితే భాగాల లెక్క అన్నిచోట్లా పనిచేయదు. ఇద్దరు అన్నదమ్ముల ముఖాల్లో భాగాలు అవే, అమరికా అదే. నలిపి పడేసిన కాగితంలో ఏ జియాన్ వెతుకుతాం?

1992లో హైన్రిఖ్ బ్యూల్‌టాఫ్, షిమోన్ ఎడెల్మన్ చేసిన ప్రయోగం నాకు ఈ మొత్తం చర్చలో బాగా నచ్చినది. వంకర టింకరగా వంచిన తీగల్లాంటి, ఎవరికీ ముందు పరిచయం లేని ఆకారాలను కంప్యూటర్లో తయారు చేశారు. ఒక్కోదాన్ని రెండు వాటాల్లో మాత్రమే నేర్పించారు. తర్వాత కొత్త కోణాల్లో పరీక్షించారు. నేర్చుకున్న రెండు వాటాల మధ్యలో పడే కోణాలకు తప్పులు తక్కువ. వాటికి అవతలికి పోతే తప్పులు పెరిగాయి. పూర్తిగా వేరే దిక్కుకు, అంటే పక్కకు తిప్పడం నేర్పి పైకి తిప్పితే, అన్నిటికంటే ఎక్కువ. లోపల 3డి బొమ్మ ఉంటే ఈ తేడా రాకూడదు, ఎటు తిప్పినా ఒకటే కావాలి.

కోతుల మెదడులోనూ ఇలాంటిదే కనిపించింది. నికోస్ లోగోథెటిస్ బృందం 1990లలో కోతులకు ఇలాంటి తీగ ఆకారాలే నేర్పింది. నేర్పిన వాటానికి అటూ ఇటూ సుమారు 40 డిగ్రీల వరకు బాగానే పోల్చుకున్నాయి, అది దాటితే పట్టు తప్పింది. టెంపోరల్ లోబ్ (మెదడులో చెవి పక్కన ఉండే భాగం) కింది భాగంలో ఉన్న న్యూరాన్లను రికార్డు చేస్తే, వాటిలో చాలావరకు ఒక్కోటి ఒక్కో వాటానికి స్పందించేవే. ఏ వాటమైనా ఒకేలా స్పందించేవి ఉన్నాయి గానీ బహుకొద్ది. ముఖాల విషయంలో 2010లో విన్‌రిఖ్ ఫ్రైవాల్డ్, డోరిస్ సావ్ ఈ మెట్లను ఇంకా స్పష్టంగా చూపించారు. ముఖాలను చూసే ప్రాంతాల్లో వెనక ఉన్నవి తల తిరిగిన కోణాన్ని పట్టించుకుంటాయి. మధ్యలో ఉన్నవాటికి ఎడమ ప్రొఫైలూ కుడి ప్రొఫైలూ ఒకటే. అన్నిటికంటే ముందున్న ప్రాంతానికి వచ్చేసరికి మనిషెవరన్నదే ముఖ్యం, తల ఎటు తిరిగిందన్నది చాలావరకు పోతుంది.

1990లలో 3డి బొమ్మ, భాగాలు అనేవారూ, చూసిన వాటాలు అనేవారూ జర్నళ్లలో గట్టిగానే తగువులాడుకున్నారు. నా మటుకు నాకు ఇద్దరి మాటా పనిని బట్టి నిజం. కుర్చీనా బల్లా అని తేల్చడానికి భాగాలు, అంచులు చాలు. పార్కింగ్‌లో అదే మోడల్ కార్ల మధ్య మన కారేదో తేల్చాలంటే చూసిన వాటాలు కావాలి.

"మనసులో తిప్పి చూసుకుంటామా" అన్న సందేహం కూడా ఇక్కడ వస్తుంది. 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ రెండు ఘనాల ఆకారాలు చూపించి, ఇవి ఒకటేనా లేక ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబమా అని అడిగారు. రెంటి మధ్య కోణం పెరిగేకొద్దీ జవాబుకు పట్టే సమయం గీత గీసినట్లు పెరిగింది, సెకనుకు సుమారు 60 డిగ్రీల చొప్పున. గొప్ప ప్రయోగమే. కానీ దీన్ని పట్టుకుని "వస్తువును గుర్తుపట్టాలంటే మనసులో తిప్పాల్సిందే" అనేస్తుంటారు, అది సరికాదు. అక్కడ అడిగింది కుడి ఎడమల తేడా. వస్తువు పేరు కాదు. తలకిందులుగా ఉన్న అక్షరం ఏదో చెప్పడానికి పెద్దగా టైమ్ పట్టదు. అది సరిగ్గా ఉందా, అద్దంలో తిప్పినట్లుందా చెప్పమంటేనే తిప్పి చూసుకోవాలి. 1990లలో ఆలివర్ టర్న్‌బుల్ బృందం వివరించిన పేషెంట్లు దీనికి మంచి సాక్ష్యం. బొమ్మలో ఉన్నదేమిటో చెప్పేవారు, అది నిటారుగా ఉందా తలకిందులుగా ఉందా అంటే మాత్రం తెలిసేది కాదు. ఎటు తిరిగి ఉందో తెలియకుండానే ఏమిటో తెలుస్తోందన్నమాట.

చిన్నపిల్లలు ఇంగ్లిష్ "బి", "డి" తారుమారు చేయడానికీ దీనితో సంబంధం ఉంది. లోకంలో దాదాపు ప్రతి వస్తువూ ఎడమవైపు తిరిగినా కుడివైపు తిరిగినా అదే వస్తువు, కాబట్టి చూపు ఆ తేడాను వదిలేయడం నేర్చుకుంటుంది. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటును మానుకోమంటున్నాం. తమిళం మాత్రమే చదవడం వచ్చినవారిని, తమిళంతోపాటు ఇంగ్లిష్ లిపి కూడా వచ్చినవారిని ఎరిక్ పీడర్సన్ పోల్చి చూస్తే, అద్దం బొమ్మలను వేరుచేయడంలో రెండోవారే మెరుగ్గా ఉన్నారు. తమిళ లిపిలో అలాంటి అద్దం జతలు లేకపోవడం ఒక కారణం. పిల్లవాడు ఒకటో తరగతిలో బి, డి తిప్పి రాస్తే తల్లిదండ్రులు టెన్షన్ పడి మా దగ్గరికి వస్తుంటారు. ఆ వయసులో అది మామూలే.

మరి వేర్వేరు వాటాలన్నీ ఒకే వస్తువువని మెదడుకు ఎవరు చెప్పారు? ముఖ్యంగా, కాలం. ఒకదాని వెంట ఒకటి గబగబా కనిపించేవి సాధారణంగా ఒకే వస్తువు వాటాలు. చేతిలో గ్లాసు తిప్పుతుంటే పక్క వాటం మెల్లగా పై వాటంగా మారుతుంది, మధ్యలో అది ప్లేటు అయిపోదు. 2001లో గై వాలిస్, బ్యూల్‌టాఫ్ ఇదే నమ్మకాన్ని మోసం చేసి చూశారు. తెర మీద తల ఒకవైపు నుంచి ఇంకోవైపు తిరుగుతుండగా మనిషిని మెల్లగా మార్చేశారు. అవి చూసినవారు తర్వాత పరీక్షలో ఆ వేర్వేరు మనుషులను ఒకరే అని పొరబడడం పెరిగింది.

దీనికి అడ్డు తగిలేలా కనిపించే ఫలితం కూడా ఒకటుంది. 2013లో జస్టిన్ వుడ్, అప్పుడే పుట్టిన కోడిపిల్లలను తెర మీద ఒకే ఒక్క వస్తువు, అదీ కొద్దిపాటి కోణాల్లోనే కనిపించే గదిలో పెంచాడు. అయినా కొత్త కోణాల్లో ఆ వస్తువును పోల్చుకోగలిగాయి. అంటే కొంత సామర్థ్యం పుట్టుకతోనే సిద్ధంగా ఉంటుంది. కానీ తర్వాతి ప్రయోగాల్లో వస్తువు మరీ వేగంగా తిరిగేలా చేస్తే ఆ నేర్పు సరిగా రాలేదు. మళ్లీ మెల్లగా కదలడం దగ్గరికే వచ్చాం.

మన దేశం నుంచి వచ్చిన సాక్ష్యం ఇంకా బలమైనది. పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పుట్టుకతోనే చూపు లేక 8 నుంచి 17 ఏళ్ల మధ్య ఆపరేషన్ అయిన 5 మంది పిల్లలను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. చేత్తో తడిమిన ఆకారాన్ని మళ్లీ చేత్తో, కంటితో చూసినదాన్ని మళ్లీ కంటితో బాగానే పోల్చుకున్నారు. చేత్తో తడిమినదాన్ని కంటితో పోల్చమంటే మాత్రం దాదాపు గుడ్డిగా ఊహించినట్లే జవాబులు వచ్చాయి. డబ్లిన్‌కు చెందిన విలియం మాలినూ 1688లో జాన్ లాక్‌కు రాసిన ప్రశ్న ఇదే: పుట్టు అంధుడికి చూపు వస్తే, తడిమి తెలుసుకున్న గోళాన్నీ ఘనాన్నీ చూసి చెప్పగలడా? వెంటనే చెప్పలేడని తేలింది. అయితే కొద్ది రోజుల్లోనే ఆ పిల్లలు గణనీయంగా మెరుగుపడ్డారు. లోపల 3డి బొమ్మ ముందే సిద్ధంగా ఉండి ఉంటే, చేయి కట్టిన బొమ్మ కంటికి మొదటి రోజే పనికొచ్చేది.

కంప్యూటర్ల గురించి ఒక్క మాట. 2019లో విడుదలైన ఆబ్జెక్ట్‌నెట్ అనే 50,000 ఫోటోల సెట్టులో మామూలు ఇంటి సామాన్లనే ఇష్టమొచ్చినట్లు పడేసి, వింత కోణాల్లో తీశారు. అంతకుముందు వరకు అద్భుతంగా గుర్తుపడుతున్న ప్రోగ్రాములు ఒక్కసారిగా 40 శాతం పైగా పడిపోయాయి. కుర్చీని నిలబెట్టిన ఫోటోలే చూసి నేర్చుకుంటే, వెల్లకిలా పడిన కుర్చీ దగ్గర అంతే జరుగుతుంది.

ఇప్పుడు మీ నాన్నగారు.

1973లో లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్, టేలర్ మెదడు దెబ్బతిన్నవారికి వస్తువుల మామూలు ఫోటోలు, వింత కోణాల ఫోటోలు చూపించారు. కుడి పెరైటల్ ప్రాంతం (నడినెత్తి కింద ఉండే మెదడు భాగం) వెనకవైపు దెబ్బతిన్నవారు మామూలు వాటిలో బాగానే ఉన్నారు, వింత వాటి దగ్గర పడిపోయారు. రోజూ నా బల్ల దగ్గర కనిపించేదీ ఇదే. ఒక పెద్దాయన గుర్తున్నారు, కుడివైపు స్ట్రోక్, పొద్దున్నే పేపరు పూర్తిగా చదివే మనిషి. కవ్వం పక్కనుంచి తీసిన ఫోటో చూడగానే "కవ్వం" అన్నారు. కింది కొసనుంచి తీసినది చూపిస్తే "పువ్వా? ఏదో చక్రం" అన్నారు. ఎంతసేపు ఇచ్చినా అంతే. అసలు కవ్వాన్నే తెచ్చి అదే వాటంలో ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను. సగం తిరగకముందే "ఓర్నీ, కవ్వమే!" అన్నారు. ఎడమవైపు దెబ్బతిన్న కొందరిలో దీనికి తలకిందులు చూస్తాను. రెండు వాటాల ఫోటోలు ఇస్తే "రెండూ ఒకటే" అని సరిగ్గా జత చేస్తారు, అది దేనికి వాడతారో మాత్రం చెప్పలేరు.

అయితే ఒక హెచ్చరిక. ఫోటోల పరీక్షలో తప్పేవారు చాలామంది ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతారు. ఎందుకంటే ఇంట్లో మనిషి కదులుతాడు, వస్తువు కదులుతుంది, వింత వాటం రెండు క్షణాలు కూడా నిలవదు. ఇంట్లోనే రోజూ తడబడుతున్నారంటే వేరే కారణం కూడా కలిసి ఉండొచ్చు. ఎడమ సగం చూపు పోయి ఉండొచ్చు. లేదా కన్ను చూస్తున్నా ఎడమవైపును మెదడు పట్టించుకోకపోవచ్చు, దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తున్నారా, ఎడమ భుజం గుమ్మానికి తగులుతోందా చూడండి. గోడమీది అక్షరాలు చదివించే పరీక్షలో ఇవేవీ దొరక్కపోవచ్చు. విజువల్ ఫీల్డ్ పరీక్ష (చూపు అటూ ఇటూ ఎంతవరకు అందుతోందో చూసేది) విడిగా చేయమని అడగండి.

ఈలోగా ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. ఆయన పోల్చుకోలేనప్పుడు పేరు అందించేయకండి, వస్తువును మెల్లగా తిప్పి చూపించండి, లేదా ఆయన్నే ఒక అడుగు పక్కకు జరిగి చూడమనండి. చేతికివ్వండి, తడిమితే చాలామందికి వెంటనే తెలిసిపోతుంది. గిన్నెలను ఒకదానిలో ఒకటి పేర్చి పెట్టడం మానేయండి, స్టీలు మీద స్టీలు పెడితే ఆరోగ్యవంతుడికే అంచులు తెలియవు. సింకులో స్టీలు గిన్నెల మీద ట్యూబ్‌లైటు మెరుపు పడితే ఉన్న నీడల ఆనవాళ్లు కూడా పోతాయి. రోజూ వాడేవాటిని కంటి ఎత్తులో, పిడి పక్కకు కనిపించేలా పెట్టండి. మందుల సీసాలు, యాసిడ్ సీసా మాత్రం వాటం మీద వదలొద్దు, విడిగా తాళం వేసి ఉంచండి.

స్ట్రోక్ వల్ల వచ్చినదైతే ఇది మొదటి నెలల్లో కొంతయినా మెరుగవ్వాలి, లేదా ఉన్నచోట ఉండాలి. నెలనెలా పెరుగుతుంటే, స్ట్రోక్‌కు ముందునుంచే మొదలై ఉంటే న్యూరాలజిస్టుకు ఆ మాట తప్పకుండా చెప్పండి. మెదడు వెనక భాగం మెల్లగా క్షీణించే పోస్టీరియర్ కార్టికల్ అట్రోఫీ అనే జబ్బులో కూడా కళ్లు బాగున్నా వస్తువులు ఇలాగే జారిపోతాయి, దానికి చికిత్స దారి వేరు.

స్కాన్ రిపోర్టు చివర్లో ఏ వైపు, ఏ లోబ్ అని ఒక లైను ఉంటుంది. పేరు, ఆస్పత్రి వివరాలు తీసేసి ఆ ఒక్క లైను ఇక్కడ రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.